వసంతంలో శ్రీకాకుళం: సముద్రానికీ కొండకీ మధ్య మూడు రోజుల ప్రయాణం ఎలా వేసుకోవాలి

సముద్రం, కొండ ఒకే ప్రయాణంలో చూడాలంటే అందరూ ముందు విశాఖ పేరే చెబుతారు. అక్కడి నుంచి ఇంకో వంద కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరానికి వస్తే శ్రీకాకుళం. జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ తీరం వెంబడే తూర్పు కనుమలు సాగుతుంటాయి. మధ్యలో నాగావళి, వంశధార, మహేంద్రతనయ పారుతుంటాయి. ఉత్తరానికి పోయేకొద్దీ కొండకీ కడలికీ మధ్య నేల సన్నబడుతుంది. మందస దగ్గర పడమటికి తిరిగితే మహేంద్రగిరి కనిపిస్తుంది, తూర్పుకి కాసేపు బండి నడిపితే అలల చప్పుడు వినిపిస్తుంది. అయినా వచ్చేవాళ్ళలో చాలామంది అరసవల్లిలో దర్శనం చేసుకుని మధ్యాహ్నానికల్లా కారు వెనక్కి తిప్పేస్తారు. ఈ ఊళ్ళు ఎరిగినవాడిగా అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మూడు రోజులు చేతిలో ఉంచుకుని, ఎండలు ముదరకముందు వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఒక్కమాట ముందే చెబుతాను. ఈ ప్రయాణాన్ని చూడాల్సిన చోట్ల జాబితాతో మొదలుపెట్టకండి. ముందు తేదీ, తర్వాత రోజులో ఏ గంట, ఆ తర్వాతే ఊరు. తీరప్రాంతపు వసంతంలో పొద్దున్న 7 గంటలకి ఎంతో హాయిగా ఉన్న చోటే మధ్యాహ్నం 1 గంటకి నిలబడలేం. పక్షులు, జీడితోటలు, గుళ్ళో సూర్యకిరణాలు, సముద్రంలో వేట, అన్నిటికీ వాటి వాటి రోజులున్నాయి.

మొదటి అడుగు: తేదీ నిర్ణయించుకోవడం

మన వసంత రుతువు పంచాంగం ప్రకారం ఉగాదితో మొదలవుతుంది. ప్రయాణానికి మాత్రం శివరాత్రి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ సగం దాకా మంచి కాలం. ఈ రెండు నెలల్లోనూ ఏ వారం ఎంచుకుంటారన్నదాన్ని బట్టి మీకు దొరికేది మారిపోతుంది.

మార్చి మొదటి పక్షంలో వచ్చేవాళ్ళకి అరసవల్లి పెద్ద ఆకర్షణ. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, మళ్ళీ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ ఉదయపు సూర్యకిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఇది నిమిషాల్లో ముగిసిపోయే దృశ్యం. మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా కనిపించదు. అందుకని రెండు ఉదయాలూ ఊళ్ళోనే ఉండేలా చూసుకోండి. మొదటి రోజు దక్కకపోతే రెండో రోజు ఉంటుంది. ఆ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు కాబట్టి గది ముందే మాట్లాడుకోవాలి.

ఫాల్గుణ పౌర్ణమికి వస్తే శ్రీకూర్మంలో మూడు రోజుల డోలోత్సవం ఉంటుంది: కామదహనం, పడియ, డోలోత్సవం. తేదీ ఏటా మారుతుంది, పంచాంగం చూసుకోవాలి. ఈ పౌర్ణమికి ఇంకో లాభం కూడా ఉంది. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో దిగడు. పౌర్ణమి సాయంత్రం మాత్రం పడమట పొద్దుగుంకే వేళకి తూర్పున నీళ్ళలోంచి చంద్రుడు లేస్తాడు. కళింగపట్నం తీరంలో ఆ అరగంట కోసం తేదీ మార్చుకున్నా తప్పులేదు.

పక్షుల కోసం వచ్చేవాళ్ళు మార్చి దాటనివ్వకండి. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు వానలు వెనకబట్టే రోజుల్లో వచ్చి, చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. మార్చిలో పిల్లలు బాగా ఎదిగి రెక్కలు సాధన చేస్తుంటాయి. చూడ్డానికి అదే అసలైన సమయం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో కూడా పక్షులుంటాయని విని అటు బయల్దేరకండి. అక్కడికి వచ్చే నత్తగుల్ల కొంగలు వర్షాకాలపు అతిథులు. వసంతంలో చెట్లు ఖాళీగా ఉంటాయి.

ఏప్రిల్‌కి వస్తే ఉద్దానం, అంటే జిల్లా ఉత్తరాన ఉన్న తోటల ప్రాంతం, మీది. జీడిమామిడి పళ్ళు ఎర్రగా, పసుపుగా వేలాడుతుంటాయి, పనసచెట్ల మొదళ్ళనిండా కాయలు, తాటిముంజలు అప్పుడప్పుడే దిగుతుంటాయి. దీనికి బదులుగా ఎండ, ఉక్కపోత భరించాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నియమం. సముద్రపు చేప తినాలన్న కోరికతో వచ్చేవాళ్ళు ఏప్రిల్ 14 లోపే రావాలి.

నన్ను అడిగితే మార్చి రెండో వారం నుంచి ఉగాది చుట్టుపక్కల వరకు రమ్మంటాను. పక్షులు ఇంకా ఉంటాయి, జీడి మొదలవుతుంది, రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి. ఒక్క శివరాత్రి, ఉగాది సెలవు, ఆదివారం మాత్రం తప్పించండి. అరసవల్లిలో ఆదివారం రద్దీ మామూలుగా ఉండదు.

రెండో అడుగు: చేరుకోవడం

రైల్లో వచ్చేవాళ్ళు టికెట్ మీద చూడాల్సిన పేరు శ్రీకాకుళం రోడ్. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళం పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో. హౌరా–చెన్నై ప్రధాన మార్గం కావడంతో చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. స్టేషన్ బయట షేర్ ఆటోలు, బస్సులు దొరుకుతాయి. అర్ధరాత్రి దిగే రైలైతే మాత్రం హోటల్ వాళ్ళతో ముందే మాట్లాడి బండి పెట్టించుకోండి. ఇదే లైన్లో ఇంకా ఉత్తరాన పలాస స్టేషన్ ఉంది. వచ్చేటప్పుడు శ్రీకాకుళం రోడ్‌లో దిగి, వెళ్ళేటప్పుడు పలాసలో ఎక్కితే ఒకే దారిలో రెండుసార్లు తిరగక్కర్లేదు. ఈ మార్గదర్శిలోని మూడు రోజులూ అలాగే కూర్చాను.

విమానంలో విశాఖ వచ్చేవాళ్ళు జాతీయ రహదారి 16 మీద రెండున్నర గంటలు పెట్టుకోవాలి. భోగాపురంలో కొత్త విమానాశ్రయం కట్టారు కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడు దిగేది ఎక్కడో ఒకసారి చూసుకోండి. భోగాపురం విశాఖకీ శ్రీకాకుళానికీ మధ్యలోనే ఉంది, మనకి అది దగ్గర. బస్సైతే విశాఖ ద్వారకా కాంప్లెక్స్ నుంచి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి రోజంతా తిరుగుతూనే ఉంటాయి. ఉత్తరాంధ్రలో బస్టాండుని కాంప్లెక్స్ అనే అంటారు, ఆటో అతనికీ అలాగే చెప్పండి.

మూడో అడుగు: బస, బండి

మొదటి రాత్రి, అంటే వచ్చిన రోజు రాత్రి, శ్రీకాకుళంలోనే ఉండాలి. మొదటి రోజు తిరిగాక రెండో రాత్రీ అక్కడే. మూడో రాత్రి పలాస–కాశీబుగ్గలో. శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి, కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జిలు, మధ్యతరగతి హోటళ్ళు ఉన్నాయి. సముద్రం ఎదురుగా గది కావాలని పట్టుబట్టకండి. ఇక్కడి తీరం ఇంకా మత్స్యకారుల తీరమే, రిసార్టుల తీరం కాదు. అదే దీని అందమని నేననుకుంటాను. గది ఎంచుకునేటప్పుడు వ్యూ సంగతి వదిలేసి, ఏసీ సరిగ్గా పనిచేస్తుందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని అడగండి. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు ఆ గదే మీకు దిక్కు.

బండి విషయంలో, మొదటి రోజుకి ఆటో మాట్లాడుకున్నా సరిపోతుంది. రెండో రోజు, మూడో రోజు దూరాలెక్కువ, కారు తప్పదు. డ్రైవర్‌ని శ్రీకాకుళంలోనే కుదుర్చుకుని, పలాసలో వదిలేలా మాట్లాడుకోండి. ఖాళీగా తిరిగి వెళ్ళాలి కాబట్టి ఆ తిరుగు డీజిల్ కూడా లెక్కలో వేస్తారు, అది న్యాయమే. సొంత కారులో వచ్చేవాళ్ళకి ఈ గొడవ లేదు.

నాలుగో అడుగు: రోజుని గంటలుగా విడగొట్టడం

ప్రయాణమంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

శ్రీకాకుళం హైదరాబాద్ కంటే బాగా తూర్పున ఉంది. ఇక్కడ సూర్యోదయం అక్కడి కంటే ఇరవై నిమిషాలు ముందే అవుతుంది. మార్చి మొదట్లో 6 దాటాక, ఏప్రిల్ ఆఖరుకి 5:30కే తెల్లవారిపోతుంది. సాయంత్రం చీకటి కూడా అలాగే ముందుకొస్తుంది. హైదరాబాద్ అలవాటుతో 8 గంటలకి లేచి, టిఫిన్ తిని, 10 గంటలకి బయల్దేరితే రోజులో మంచి భాగమంతా పోయినట్టే. మార్చిలో మధ్యాహ్నం ఎండ 33, 34 డిగ్రీలే చూపించినా గాలిలో తేమ వల్ల ఒంటికి అంతకంటే ఎక్కువే తగులుతుంది. చెమట ఆరదు, అలసట త్వరగా వస్తుంది.

అందుకని 5 గంటలకి లేవండి. 5:30 నుంచి 10:30 వరకు మొదటి విడత తిరుగుడు. 11 గంటలకల్లా భోజనం గానీ గది గానీ చేరాలి. గుళ్ళు కూడా మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి ఆ వేళ బయట తిరిగినా దక్కేదేమీ లేదు. 3:30కి మళ్ళీ బయల్దేరితే చీకటిపడేదాకా రెండో విడత. సముద్రపు గాలి సాయంత్రానికి బాగా తిరుగుతుంది, 4 దాటాక తీరంలో హాయిగా ఉంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే రెండో విడతలో ఒక చోటే పెట్టుకోండి.

ఏప్రిల్‌లో సాయంత్రాలు ఇంకో జాగ్రత్త అవసరం. పగలంతా కాగిన కొండల మీద మబ్బు కట్టి, ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు, పిడుగులతో వాన పడుతుంది. పడమట నల్లబడుతోందంటే తీరంలోగానీ, తాటిచెట్ల కిందగానీ ఉండకుండా బండి ఎక్కేయాలి. గంటలో అంతా సద్దుమణుగుతుంది.

ఐదో అడుగు: మొదటి రోజు, వంశధార ముఖద్వారం దాకా

తెల్లవారుజామున అరసవల్లి. పట్టణం నుంచి రెండు కిలోమీటర్లే. గుడిని 7వ శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఇంద్రపుష్కరిణి దగ్గర కాసేపు కూర్చుని, 8 లోపు దర్శనం ముగించుకుని టిఫిన్ చేయండి.

అక్కడి నుంచి శ్రీకూర్మం సుమారు 13 కిలోమీటర్లు. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే క్షేత్రం. ఇక్కడ తొందరపడకండి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలున్నాయి. చుట్టూ ఉన్న ప్రదక్షిణ మండపం స్తంభాల్ని దగ్గరకెళ్ళి చూడండి. ఒక్కో దాని మీద దానశాసనాలు చెక్కి ఉంటాయి, తెలుగు లిపి పాత రూపాలు కళ్ళముందు కనిపిస్తాయి. గోడల మీద రంగుల చిత్రాలున్నాయి, వాటిని చేత్తో తాకొద్దని పిల్లలకి చెప్పండి. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని సంరక్షిస్తున్నారు. శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలు చేసుకునేవాళ్ళుంటారు, అక్కడ ఫోటోలు తీయకుండా ఉండటం మర్యాద.

10:30కి వెనక్కి. భోజనం, నిద్ర.

3:30కి శాలిహుండం. వంశధార కుడి ఒడ్డున కొండ మీద బౌద్ధక్షేత్రం. స్తూపాలు, చైత్యాల ఇటుక పునాదులు, మధ్యలో మెట్లదారి. 1919లో దీన్ని లోకానికి చూపించినవాడు గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగానే ఆయన మనకి తెలుసు. ఈ కొండ ఎక్కితే ఆయన ఇంకో వైపు కూడా తెలుస్తుంది. పైన నీడ దాదాపు లేదు, అందుకే మధ్యాహ్నం వద్దన్నాను. సాయంత్రపు వెలుగులో కింద వంశధార మలుపు తిరిగి సముద్రం వైపు పోవడం పూర్తిగా కనిపిస్తుంది. జిల్లాలో అంత మంచి దృశ్యం ఇంకోటి లేదని నా నమ్మకం. నీళ్ళు వెంట ఉంచుకోండి, పైన దుకాణాలుండవు.

5 గంటలకి దిగితే కళింగపట్నం కొద్ది కిలోమీటర్లే. ఒకప్పుడు కళింగుల ఓడరేవు, ఆంగ్లేయుల కాలంలోనూ సరుకు ఓడలు ఆగిన చోటు. ఇప్పుడు దీపస్తంభం, ఇసుక, వలలు బాగుచేసుకునే మనుషులు. కళింగపట్నంలో నది సముద్రంలో కలిసే చోటికి నడిచి వెళ్ళొచ్చు గానీ, దగ్గరకి పోయి నీళ్ళలో దిగొద్దు. అక్కడ ఇసుక అడుగున తెగుతుంటుంది. ఒక్క ముఖద్వారమే కాదు, ఈ తీరంలో ఎక్కడా మోకాలి లోతు దాటకండి. అలల కింద లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఈత వచ్చినవాళ్ళనీ అది వదలదు. ఒడ్డున కనిపించే మత్స్యకారుణ్ణి “అన్నా, ఇక్కడ దిగొచ్చా?” అని అడగండి. ఆయన వద్దంటే వద్దే.

ఆరో అడుగు: రెండో రోజు, ముఖలింగం నుంచి తేలినీలాపురం

పొద్దున్నే సామాను కారులో వేసుకుని గది ఖాళీ చేసేయండి. నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం, శ్రీకాకుళం నుంచి 46 కిలోమీటర్లు. 7:30కల్లా అక్కడుండాలి.

ఇప్పుడు వంశధార ఒడ్డున చిన్న పల్లె. ఒకప్పుడు ఇది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ కళింగ శైలివి. చూసేటప్పుడు భువనేశ్వర్ గుడులు గుర్తొస్తాయి, అదే శిల్పుల పరంపర. చాలామంది మధుకేశ్వరుణ్ణి దర్శించుకుని వెళ్ళిపోతారు. ఊరి మొదట్లో పొలాల పక్కన ఒంటరిగా ఉన్న సోమేశ్వరాలయాన్ని చూడకుండా కదలొద్దని గట్టిగా చెబుతున్నాను. దాని గోడల మీది శిల్పాలకి పొద్దుటి ఏటవాలు వెలుగు పడాలి. మధుకేశ్వర లింగం ఇప్పచెట్టు మొదలులోంచి వెలిసిందని స్థలపురాణం. మీరు వచ్చే రోజుల్లోనే కొండవాలుల్లో ఇప్పపూలు రాలుతుంటాయి, కొండల్లో ఉండే సవర గిరిజనులు తెల్లారేసరికి ఏరుకుంటుంటారు.

10 దాటాక మళ్ళీ రహదారి ఎక్కి టెక్కలి వైపు. దారిలో రావివలస ఎండల మల్లికార్జునుడు. చాలా పెద్ద శివలింగం, పైన కప్పు లేదు, ఎండా వానా స్వామి మీదే. మధ్యాహ్నం అక్కడి నేల కాళ్ళు కాలుస్తుంది, 11 లోపు చేరలేకపోతే సాయంత్రానికి పెట్టుకోండి. టెక్కలిలో భోజనం చేసి, నీడ చూసుకుని ఆగండి.

3:30కి తేలినీలాపురం. దీన్ని అభయారణ్యమని ఊహించుకుని రాకండి. ఇది మామూలు ఊరు. ఇళ్ళ పక్కన చింతచెట్ల మీద, పెరటి చెట్ల మీద గూడబాతులు కాపురముంటాయి. రెట్టలతో పెరడు తెల్లబడినా, రాత్రంతా అరుపులతో నిద్ర చెడినా ఊరివాళ్ళు వాటిని తరమలేదు. పక్షులు రాకపోతే ఆ ఏడు కాలం మంచిది కాదని వాళ్ళ నమ్మకం. అటవీశాఖవారి పరిశీలన కేంద్రం ఉంది, బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. గొంతు తగ్గించి మాట్లాడాలి, డ్రోన్ ఎగరేయొద్దు, కొమ్మ కదపొద్దు. బెదిరిన తల్లి లేచిపోతే గూట్లో పిల్ల కిందపడుతుంది.

ఈ పక్షులు మేత తెచ్చుకునేది నౌపడ చిత్తడి నేలల్లోంచి. కాబట్టి ఊరి నుంచి బయటపడ్డాక నౌపడ ఉప్పు మళ్ళ వైపు ఒకసారి పోనివ్వండి. వసంతంలో ఉప్పు పని ముమ్మరంగా ఉంటుంది. మళ్ళలో ఉప్పునీరు నిలిపి, ఎండకి గడ్డకట్టాక పారలతో లాగి కుప్పలు పోస్తారు. పొద్దువాలే వేళ ఆ తెల్లటి కుప్పలు, వెనక కొండల గీత, పైన గుంపులుగా గూళ్ళకి మళ్ళే గూడబాతులు. ఫోటో తీయాలంటే పనిచేసేవాళ్ళని అడిగి తీయండి. రాత్రికి పలాస.

ఏడో అడుగు: మూడో రోజు, ఉద్దానం

ఇది ఒక ఊరి పేరు కాదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల కొబ్బరి, జీడి, పనస తోటల నేలంతా ఉద్దానమే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది. మీరు ఈ రోజు చూసే పచ్చదనంలో చాలా భాగం రైతులు మళ్ళీ మొదలుపెట్టి నిలబెట్టుకున్నది.

చీకటితోనే బయల్దేరి బారువ తీరంలో సూర్యోదయం చూడండి. మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు గుడ్లలోంచి వచ్చే కాలం. గుడ్లని కంచెవేసి కాపాడే కేంద్రాలు ఈ తీరంలో అక్కడక్కడా ఉంటాయి. పిల్లల్ని సముద్రంలోకి వదిలే ఉదయాలు ముందుగా చెప్పలేం. ముందు రోజు అటవీశాఖ సిబ్బందినో, ఊళ్ళోవాళ్ళనో వాకబు చేసుకోవాలి. చూసే అదృష్టం దక్కితే రెండు నియమాలు పాటించండి: పిల్లల్ని చేత్తో ఎత్తొద్దు, ఫోన్ లైటు వేయొద్దు. అవి వెలుగుని బట్టే సముద్రం దారి పడతాయి. మన లైటు చూసి వెనక్కి తిరిగితే కాకులకి ఆహారమవుతాయి.

బారువ నుంచి మందస. వాసుదేవ పెరుమాళ్ళ రాతి గుడి చూసి, అంగట్లో మందస కోవా కొనుక్కోండి. తాజాగా తినాల్సిన వస్తువు, రెండు రోజుల ప్రయాణానికి మూటకట్టొద్దు. ఊరు దాటి కాస్త వెళ్తే మహేంద్రగిరి ఎదురుగా నిలబడుతుంది. 1501 మీటర్ల ఎత్తు. శిఖరం ఒడిశాలో ఉంది, నీడ మన పొలాల మీద పడుతుంది.

ఎక్కాలనుకునేవాళ్ళు దీన్ని మూడో రోజులో ఇరికించకండి. ఇంకో రోజు చేర్చుకుని, పర్లాకిమిడి వైపు నుంచి కొండదారిలో వెళ్ళాలి. పైన భీమ, కుంతి, యుధిష్ఠిరుల పేర్లతో పాత రాతి గుళ్ళున్నాయి. తీరంలో ఉక్కపోస్తున్న రోజున కూడా అక్కడ చల్లటి గాలి. తిండి, నీళ్ళు కింద నుంచే తీసుకెళ్ళాలి, చీకటిపడకముందే దిగిపోవాలి. రోడ్డు స్థితి, అనుమతుల సంగతి ముందు రోజే కనుక్కోండి. అంత సమయం లేనివాళ్ళు కొండని మందస నుంచే చూసి తృప్తిపడొచ్చు, అది తక్కువేమీ కాదు.

జీడితోటలోకి వెళ్ళాలంటే రైతు వెంట ఉండాలి. దీనికి మర్యాద ఒక కారణమైతే, ఎలుగుబంట్లు రెండో కారణం. ఉద్దానంలో ఎలుగుల బెడద నిజమైన సంగతి, మనుషుల ప్రాణాలు పోయాయి. జీడిపళ్ళు, పనసపళ్ళు పండే రోజుల్లో అవి తోటల్లోకి వస్తాయి. తెల్లవారుజామున, పొద్దుగూకాక తోటల్లోకి అసలు పోవద్దు. పగలు వెళ్ళినప్పుడు కూడా కొన్ని తెలిసుండాలి. జీడిపండు రసం బట్టల మీద పడితే మరక పోదు. పండు కింద వేలాడే పచ్చి జీడిపిక్కని పళ్ళతో కొరకొద్దు. తొక్కలో ఉండే జీడి రసం పెదవుల్ని, చేతుల్ని కాల్చేస్తుంది. పిల్లలు వెంట ఉంటే ఈ మాట తోట గుమ్మం దగ్గరే చెప్పాలి.

ఏం తినాలి

హోటల్లో రోటీ, పనీర్ వెతక్కండి. పచ్చి జీడిపప్పు కూర ఈ కాలంలోనే దొరుకుతుంది. ఎండు పప్పుతో చేసే కూరకీ దీనికీ పోలికే లేదు. లేత పనసకాయ పొట్టు కొట్టి, ఆవపెట్టి చేసే కూర ఇంకోటి. వేట నిషేధం మొదలవకముందైతే తీరపు ఊళ్ళలో చేపల పులుసు తినండి. నిషేధం రోజుల్లో చెరువు చేప, ఎండు చేప ఉంటాయి. పొద్దున్న పూట దారిలో చోడి అంబలి అమ్మే బండి కనిపిస్తే ఆపండి. రాగుల్ని ఇక్కడ చోళ్ళంటారు. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని ఒక చెంబు తాగితే మధ్యాహ్నం దాకా ఎండ అంత బాధించదు. తాగునీళ్ళు మాత్రం మూతవేసిన సీసావే తీసుకోండి, ఒక్కొక్కరికి రోజుకి మూడు లీటర్లు తక్కువ కాకుండా.

సంచిలో ఏముండాలి

నూలు బట్టలు, టోపీ, పెద్ద తువ్వాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, గుళ్ళలో కాళ్ళు కాలకుండా పలచటి సాక్సులు, దోమల మందు, టార్చి. చిన్ననోట్లు కొంచెం ఉంచుకోండి, పల్లెల్లో సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు రెండు రోజులకి సరిపడా ఎక్కువే తెచ్చుకోండి.

వదిలేయాల్సినవి

అరకుని ఈ మూడు రోజుల్లో కలపొద్దు, అది వేరే ప్రయాణం. సీతంపేట దగ్గర మెట్టుగూడ జలపాతం బాగుంటుంది గానీ దాని బలం వానలు పడ్డాకే. పైగా ఆ కొండదారుల వైపు అడవి ఏనుగులు తిరుగుతుంటాయి, రాత్రి ప్రయాణం మంచిది కాదు.

ఒక్కటి మాత్రం, అర పూట మిగిలితే, చేర్చుకోమంటాను: ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి దగ్గరే, తిరుగు రైలు అక్కడి నుంచే ఎక్కేవాళ్ళకి ఇంకా వీలు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, నూరు కౌంటు దాటిన సన్నటి నూలు తీస్తారు. దువ్వడం, ఏకడం, వడకడం చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. ఆ పని కాసేపు పక్కన కూర్చుని చూశాక గుడ్డ ధర ఎందుకంత అని ఎవరూ అడగరు. బేరమాడకుండా కొనండి. ఎండాకాలానికి దానికి మించిన బట్ట లేదు.

పలాసలో రైలెక్కేవాళ్ళు జీడిపప్పు కొనడానికి గంట సమయం ఉంచుకోండి. స్టేషన్ గుమ్మంలో కాకుండా కాశీబుగ్గ దుకాణాల్లో చూడండి. రకాలకి డబ్ల్యూ 180, 210, 240, 320 అని పేర్లుంటాయి. ఆ అంకె పౌను బరువుకి ఎన్ని గింజలు తూగుతాయో చెబుతుంది, అంటే అంకె చిన్నదైతే గింజ పెద్దది, ధర ఎక్కువ. పాయసానికి, ఉప్మాకి బద్ద చాలు, గుండు పప్పు అక్కర్లేదు. ఒక గింజ విరిచి చూడండి. మెత్తగా వంగితే చెమ్మ ఉన్నట్టు, పుటుక్కున విరగాలి. కొత్త సరుకేనా అని అడిగి, మీ కళ్ళముందే తూయించుకుని, గాలి చొరని కవర్లో ప్యాక్ చేయించుకోండి. ఇంటికెళ్ళాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే ముక్కవాసన రాకుండా నెలల తరబడి ఉంటుంది.